చివరి ఇంటి మెతుకు

కోరాడవలసలో నలుగురు చేరితే ముందు వానల సంగతి, తర్వాత ఎరువుల సంగతి, ఆ తర్వాత మా ఆయన పొట్ట సంగతి. నా ముందే అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ పొట్ట మా ఇంటి వంటతో పెరిగింది కాదు. ఊరే పెట్టింది, ఊరే పెంచింది, చివరికి ఊరే వేలెత్తి చూపించింది.

మాది అసిరితల్లి పూజారి ఇల్లు. విజయనగరం నుంచి రామతీర్థం పోయే బస్సెక్కి, మధ్యలో దిగి ఆటో పట్టుకుంటే మా ఊరొస్తుంది. విజయనగరంలో జరిగే పెద్ద సిరిమాను సంబరం లోకానికంతా తెలుసు. మాది చిన్న సిరిమాను. అయితే మాత్రం, మా తల్లి మాకు చిన్నదా? ఏటా ఉగాదికి ముందు వచ్చే మంగళవారం, తాటిచెట్టంత పొడుగు చింతమానును బండికి బిగిస్తారు. కొసన పీట కట్టి పూజారిని కూర్చోబెట్టి, మొదలు వైపు బరువు వేసి తాళ్ళతో లాగితే కొస గాల్లోకి లేస్తుంది. అలా ఊరంతా తిప్పుతారు. పైన కూర్చున్నంతసేపూ ఆ మనిషి మనిషి కాదు, తల్లే. కిందనుంచి జనం అరటిపళ్ళు విసిరి దణ్ణాలు పెడతారు. పెళ్ళికి ముందు నేను మా ఆయన్ని సరిగ్గా చూసింది కూడా ఆ పీట మీదే. మెడ పట్టేసేదాకా తలెత్తుకుని చూశాను. అప్పుడాయన సన్నగా, నిటారుగా ఉండేవాడు.

మానెక్కే మనిషికి మా ఊళ్ళో రెండు కట్టుబాట్లు. ఒకటి, ఒంటి మీద కత్తి కోత ఉండకూడదు. రెండోది, సంబరం ముందురోజు తల్లి ఘటాన్ని నెత్తిన పెట్టుకుని ఊళ్ళో ప్రతి గడపకీ వెళ్ళాలి. ఆ ఇంటి ఇల్లాలు చేత్తో పెట్టిన ముద్ద తినాలి. ఆయన తింటే తల్లి తిన్నట్టు. ఏ ఇంటి ముద్దా తప్పకూడదు.

ఈ రెండో కట్టుబాటే మా ఆయన అసిరయ్య కొంప ముంచింది. సంబరానికి ఒక్కరోజు పెడితే ఫరవాలేదు. మా ఊరు ఏడాది పొడుగునా పెట్టింది. గేదె ఈనితే జున్ను అసిరయ్యకి. కొత్త బెల్లం వస్తే పాకం గారెలు అసిరయ్యకి. ఎవరింట్లో పిల్ల పెద్దమనిషైనా, పిల్లాడికి ఉద్యోగం వచ్చినా బూరెల గిన్నె మా గుమ్మంలో ఉండేది. వద్దనడం ఆయన నోటికి రాదు. ఆయన వద్దంటే తల్లి వద్దందని ఆ ఇంటివాళ్ళు నిద్రపోరు. అందుకని తినేవాడు. అలా తిని తిని చొక్కాలు కుట్టే దర్జీ టేపు చాలడం లేదని వెక్కిరించేదాకా వచ్చాడు. షుగరూ వచ్చింది, మెట్లెక్కితే ఆయాసమూ వచ్చింది.

రెండు వేల పద్దెనిమిది సంబరంలో మాను మూలిగింది. తాళ్ళు లాగుతున్నారు, కొస సగం లేచింది, అక్కడ ఆగిపోయి విల్లులా వంగింది. చింతకర్ర లోపలనుంచి వచ్చిన ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. దించేశారు. మొదలు వైపు ఇంకో నాలుగు ఇసక మూటలు వేసి మళ్ళీ లేపారు. లేచింది గానీ ఊరు తిరిగినంతసేపూ మూలుగుతూనే ఉంది. నేను పుస్తెలు పట్టుకుని బండి వెనక నడిచాను. పైనున్న మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన భయం పడిపోతానని కాదు. కింద పిల్లలున్నారు, వాళ్ళ మీద పడతానని.

దిగాక ఊరిపెద్ద సూర్యారావు నాయుడు గుడి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాడు. మాను చెక్కే వడ్రంగి గంగులు తల అడ్డంగా ఊపేశాడు.

“అసిరయ్యా, నీ మీద ఊరికి భక్తి ఉన్నాది. మానుకి భక్తి ఉండదు కదా, దానికి బరువే తెలుస్తాది,” అన్నాడు నాయుడు. “వచ్చే సంబరానికి నువ్వు తగ్గితే నువ్వే ఎక్కు. తగ్గనేదంటే ఎర్రన్న ఎక్కుతాడు.”

ఎర్రన్న మా ఆయన పెదనాన్న కొడుకు. మనిషి కొబ్బరితాడులా ఉంటాడు. ఒకప్పుడు మానెక్కే హక్కు వాళ్ళ నాన్నదే. ఆయనకి ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి వచ్చి విజయనగరం ఆస్పత్రిలో పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాను పోయింది. కోత పడిన ఒళ్ళు కాబట్టి మాను మా మావగారికి వచ్చింది, ఆయన తర్వాత మా ఆయనకి. మా ఊళ్ళో మాను ఒకసారి గడప దాటితే వెనక్కి రాదు, రావాలంటే మళ్ళీ ఇలాంటిదేదో జరగాలి. ఎర్రన్న నాన్న చచ్చేదాకా సంబరం రోజున ఇంట్లోంచి బయటికి రాలేదు. కాబట్టి ఎర్రన్న ఆశపడ్డాడంటే నేను తప్పు పట్టను. కానీ మా గడపలోంచి మాను వెళ్ళిపోతే మా ఆయన కూడా అలాగే తలుపేసుకుని కూర్చుంటాడని నాకు తెలుసు. అది నేను చూడలేను.

మా ఆయన ఆ రాత్రినుంచే అన్నం మానేశాడు. వారం తిరక్కుండా పొలంలో కళ్ళు తిరిగి పడ్డాడు. మళ్ళీ తిన్నాడు, మళ్ళీ మానేశాడు. తగ్గింది తగ్గినట్టే తిరిగి వచ్చేది. విజయనగరంలో డిగ్రీ చదివే మా పిల్ల దీపిక ఇదంతా చూసి, ఫోన్లో ఏవేవో చదివి, విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి మమ్మల్ని లాక్కెళ్ళింది. డబ్బు ఎలా తెచ్చామని అడక్కండి, అది మా ఇంటి మాట.

డాక్టర్ అనూరాధ ముందు మామూలు ఆపరేషన్ గురించి చెప్పింది. పొట్ట మీద చిన్న చిన్న కోతలు, లోపల కడుపులో కొంత భాగం తీసేయడం. మాట పూర్తి కాకుండానే మా ఆయన లేచి నిలబడ్డాడు.

“కోతుంటే నాకొద్దమ్మా. ఎల్లొస్తాం.”

“కూర్చోండి,” అంది ఆవిడ. “ఎందుకు వద్దో చెప్పండి.”

చెప్పాం. సిరిమాను, కట్టుబాటు, ఎర్రన్న నాన్న, అంతా. ఆవిడ నవ్వలేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం. కాగితం మీద కడుపు బొమ్మ గీసి చూపించింది. నోట్లోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని కడుపులోకి దించుతారు. దాని చివరనున్న సూదితో లోపలనుంచే కడుపు గోడల్ని మడతలు పెట్టి కుడతారు. పెద్ద సంచిని లోపలివైపు మడిచి కుడితే చిన్న సంచి అయినట్టు కడుపు సన్నబడుతుంది. కొద్దిగా తింటేనే నిండిపోతుంది.

మా ఆయన అడిగింది ఒక్కటే. “ఒంటి మీద గాటు పడదు కదా?”

“చర్మం మీద గీత కూడా పడదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి అసిరయ్యగారూ. కుట్టు నేను వేస్తాను. అది నిలబడేది మీ నోటి వల్ల. మీ నోరు మీ మాట వినకపోతే నా కుట్టు దండగ.”

మత్తిచ్చి లోపలికి తీసుకెళ్ళారు. బయట కుర్చీలో కూర్చుని తల్లిని తలచుకుంటూనే ఉన్నాను. మెలకువ వచ్చి మర్నాటికి కాస్త తేరుకున్నాక మా ఆయన చేసిన మొదటి పని చొక్కా పైకెత్తడం.

“సూడే నీలవేణీ, బాగా సూడు.”

పొట్ట అంతా చేత్తో తడిమి చూశాను. వీపు చూశాను. ఎక్కడా చిన్న గీత లేదు. పక్క మంచం ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది. చూస్తే చూసుకోనీ అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

కొన్ని వారాలపాటు నమలకూడదు, ద్రవపదార్థాలే తాగాలి అన్నారు. ఇంటికొచ్చాం. నేను పొలం పనులు చూసుకుంటుంటే తాగించే పని మా అత్త తీసుకుంది. మళ్ళీ చూపించుకోవడానికి వెళితే డాక్టరమ్మ తూకం చూసి కళ్ళజోడు తీసేసింది.

“ఏం తాగుతున్నారు?”

మా అత్త గొప్పగా ముందుకొచ్చింది. “మీరు సెప్పినట్టే అమ్మా! నమిలేదొక్కటీ పెట్టనేదు. పొద్దున్నే సెరుకు రసం. పదింటికి బెల్లం పానకం. మద్దేన్నం పాయసం, అందులో మెతుకులు వడగట్టేసి. సాయంత్రం కొబ్బరినీళ్ళల్లో పంచదార. గుంటడు నీరసపడిపోతాడని నెయ్యి కూడా కరిగించే పోశాను.”

డాక్టరమ్మ కాసేపు నుదురు పట్టుకుని కూర్చుంది. తర్వాత పగలబడి నవ్వింది. ఆ తర్వాత మా అత్తని కూర్చోబెట్టి పిల్లకి చెప్పినట్టు చెప్పింది. మజ్జిగ, పల్చటి రాగి అంబలి, పప్పునీళ్ళు. తీపి అన్నది ఇంట్లో కనపడకూడదు. మా అత్త తిరుగుదారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికే చూసింది. కానీ ఒక మాట చెప్పాలి. ఆ రోజునుంచి ఆవిడ కొడుక్కి ఒక్క బెల్లం పలుకు కూడా ఇవ్వలేదు. ఊళ్ళో ఎవరైనా బూరెల గిన్నెతో వస్తే గుమ్మంలో నేను ఒక పక్కన, మా అత్త ఒక పక్కన.

“తల్లికి పెట్టాలనుంటే గుడికెల్లి పెట్టండి. ఈయన తల్లి కాడు, నా కొడుకు,” అనేసేది.

వాళ్ళు మూతి ముడుచుకుని పోయేవారు. పోతే పోనీ.

మా ఆయన నోరు ఆయన మాట విన్నది. అది నేను ఎవరి ముందైనా చెబుతాను. పొద్దున్నే లేచి చెరువు గట్టు వెంట నడిచేవాడు. తర్వాత సైకిలెక్కి రామతీర్థం దాకా పోయి కొండ మెట్లు ఎక్కేవాడు. మొదట్లో సగంలో కూలబడి నాకు ఫోన్ చేసేవాడు. దసరా నాటికి పైదాకా ఎక్కి ఫోన్ చేశాడు. సంక్రాంతి వెళ్ళేసరికి చొక్కాలన్నీ మళ్ళీ దర్జీ దగ్గరికి పోయాయి, ఈసారి బిగించడానికి. కుట్టు ఒక్కటే చేసిన పని కాదు అది. జున్ను గిన్నె ముందు కూర్చుని వద్దు అనగలిగిన మనిషి చేసిన పని. నా మొగుడు చేసిన పని.

మాను కోసం చెట్టు కొట్టే ముందు గుడి అరుగు మీద మళ్ళీ అందరూ కూర్చున్నారు. గంగులు మా ఆయన చుట్టూ తిరిగి చూసి, “మాను ఎత్తుతాది,” అన్నాడు. అప్పుడు ఎర్రన్న లేచాడు.

“మా నాన్న పొట్టకి కోత పడిందని మాను తీసేసినారు. మరి అన్నయ్య కడుపులో ఇప్పుడు కుట్లున్నాయి. కుట్లున్నాయంటే ఇనుము తగిలినట్టే కదా? పైకి కనపడనంత మాత్రాన తల్లికి తెలీదేటి?”

జనం గుసగుసలాడారు. మా ఆయన తల దించుకున్నాడు. గుడి అరుగు దగ్గర ఆడవాళ్ళు మాట్లాడే అలవాటు మా ఊళ్ళో లేదు. లేకపోతే ఏం, ఆ పూట మొదలైంది.

“ఒరే ఎర్రన్నా, నీ సెవులకి పోగులున్నాయా నేవా?”

“ఉన్నాయొదినా.”

“ఎక్కడ కుట్టించినారు?”

“ఇక్కడే. తల్లి ముందే.”

“మన పూజారిళ్ళల్లో మగపిల్లలందరికీ తల్లి ముందే సూదితో సెవులు కుట్టిస్తారు. ఆ సూది ఇనుముది కాదేటి? మరదీ తప్పయితే నువ్వెలగ ఎక్కుతావు, మీ అన్నెలగ ఎక్కుతాడు? కోత వేరు, కుట్టు వేరు. కట్టుబాటు కత్తికి గానీ సూదికి కాదు!”

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఎర్రన్న చెవిపోగు పట్టుకుని నిలబడిపోయాడు. నాయుడు కూడా మీసాల్లో నవ్వుకుని, “సరే, సూది తప్పు కాదు,” అన్నాడు. కానీ ఎర్రన్న కూర్చోలేదు. రెండో మాట తీశాడు, అది మొదటిదానికన్నా గట్టిది.

“సరే. మరి ముద్దల సంగతేటి? ఇప్పుడు అన్నయ్య తినేది పిల్లాడి తిండి. ఊరంతా ముద్దలెట్టాలి కదా. నాలుగిళ్ళు తిరిగేసరికి కడుపు నిండిపోతాది. అయిదో ఇల్లు ఏమైపోవాలి? ముద్ద తినలేనోడు మానెలగ ఎక్కుతాడు?”

ఈసారి జనం ఎర్రన్న మాటకే తల ఊపారు. నాయుడు “ఏ ఇంటి ముద్ద తప్పినా మాను ఎర్రన్నదే,” అని లేచిపోయాడు.

మా ఆయన “తప్పదు” అని మాత్రం అన్నాడు. ఎలా తప్పదో ఇంటికొచ్చాక అడిగితే, “నాకూ తెలీదే,” అన్నాడు. దీపిక డాక్టరమ్మకి ఫోన్ చేసింది. అన్ని ముద్దలు ఒకేరోజు తింటే వాంతులవుతాయి, కడుపు మళ్ళీ సాగుతుంది, వద్దే వద్దు అంది ఆవిడ. లావుగా ఉంటే మాను ఎత్తదు, సన్నబడితే ముద్ద దిగదు. ఇదెక్కడి గొడవరా తల్లీ అని నేను గుడికి పోయి అసిరితల్లినే నిలదీశాను.

సంబరం ముందురోజు పొద్దున్న ఘటం లేచింది. పసుపు పూసిన కొత్త కుండ, చుట్టూ వేపమండలు, పైన దీపం. మా ఆయన నెత్తిన పెట్టుకున్నాడు. ముందు డప్పులు, పక్కన నాయుడు, ఎర్రన్న, వెనక నేను పసుపునీళ్ళ చెంబుతో. మొదటి ఇల్లు ఎప్పుడూ నాయుడు గారిదే. ఆయన భార్య కమలాదేవి గారు పళ్ళెం నిండా పులిహోర, బూరెలు, నెయ్యి వేసిన పప్పన్నం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఏటా ఆవిడ పళ్ళెం ఖాళీ అయితేగానీ ఘటం ముందుకి కదిలేది కాదు.

మా ఆయన గుమ్మం ముందు ఆగి అన్నాడు. “అమ్మా, ఒక్క మెతుకు పెట్టు.”

ఆవిడ మొహం మాడిపోయింది. “అదేటి? మా ఇంటి ముద్ద తల్లికి పనికిరాదేటి?”

“పనికొస్తాదమ్మా. తల్లికి నీ సెయ్యి కావాలి గానీ పళ్ళెం కాదు. ఇన్నాళ్ళూ మిగతాదంతా నా పొట్టలోకే ఎల్లింది.”

ఆవిడ ఒక్క మెతుకు తీసి నోట్లో పెట్టారు, విసురుగా. మా ఆయన దాన్ని శ్రద్ధగా నమిలి మింగి, ఆవిడ గడపకి పసుపునీళ్ళు చల్లి ముందుకి కదిలాడు. రెండో ఇంట్లోనూ ఒక్క మెతుకే. మూడో ఇంట్లోనూ అంతే. నా వెనక ఆడవాళ్ళ మాటలు మొదలయ్యాయి. తల్లికి ఆకలి చచ్చిపోయిందేటి అంది ఒకామె. విశాఖపట్నం డాక్టరు తల్లికి కూడా పథ్యం పెట్టిందిలే అంది ఇంకొకామె. తిరిగి చూస్తే నేను ఏదో ఒకటి అనేస్తానని పళ్ళు బిగబట్టుకుని నడిచాను. నాయుడు మొహం చిట్లించుకునే ఉన్నాడు. కమలాదేవి గారు కోపంతో ఘటం వెనకే వస్తున్నారు, చివరికి ఏం తేలుతుందో చూద్దామని. మెతుకు ముద్ద అవుతుందా అవదా అన్నది గుడి దగ్గర తేలుస్తామని నాయుడు ఎర్రన్నతో అనడం నా చెవిన పడింది.

పొద్దువాలేసరికి ఊరి చివరికి వచ్చాం. కాలవ గట్టు మీద పైడమ్మ ఇల్లు. కుమ్మరి పైడమ్మ. ఏటా తల్లి ఘటం చేసేది ఆమె చేతులే. ఆ కుండ ఊరంతా తిరిగి ఆఖర్న పుట్టింటికి వచ్చేసరికి, మోసే మనిషికి కడుపు పగిలిపోతూ ఉండేది. అందుకని పైడమ్మ ముద్దని పెదవులకి తాకించి వెనక్కి ఇచ్చేయడం రివాజు అయిపోయింది. మా మావగారు అంతే చేశారు, ఆయనకి ముందు ఎర్రన్న నాన్న అంతే చేశాడు, మా ఆయనా అంతే చేసేవాడు. ఎవరూ తప్పనలేదు. పైడమ్మ కూడా అనలేదు. అయినా ఏటా పప్పూ అన్నం, ఆనపకాయ కూర వండి విస్తరాకులో పెట్టుకుని నిలబడేది.

ఆ రోజూ అలాగే నిలబడింది. మా ఆయన దగ్గరికి రాగానే చెయ్యెత్తి, ముద్దని ఆయన పెదవులకి తాకించి, అలవాటుగా వెనక్కి తీసేసుకుంది.

మా ఆయన నోరు తెరిచే ఉన్నాడు.

“పెట్టమ్మా,” అన్నాడు.

పైడమ్మకి అర్థం కాలేదు. అటూ ఇటూ చూసింది. తర్వాత ఒక్క మెతుకు తీసి పెట్టింది. ఆయన నమిలాడు, మింగాడు. మళ్ళీ నోరు తెరిచాడు.

“ఇంకా పెట్టమ్మా. పొద్దున్నుంచీ తిరుగుతన్నాను. ఆకలేస్తన్నాది.”

డప్పులు ఆగిపోయాయి. పైడమ్మ చిన్న ముద్ద చేసి పెట్టింది. తర్వాత ఇంకొకటి. ఆయన కళ్ళు మూసుకుని, పసిపిల్లాడు తిన్నట్టు తిన్నాడు. మూడోది పెట్టబోతే, “సాలమ్మా, నిండిపోయింది,” అన్నాడు. ఆ మాట వినగానే పైడమ్మ విస్తరాకు గుండెలకి హత్తుకుని ఏడ్చేసింది.

“మా అత్త పెట్టింది. నాను కాపరానికొచ్చిన కాణ్ణించి పెడతన్నాను. మా ఇద్దర్లో ఎవల ముద్దా లోపలికెల్లనేదు. కుండ సేసేది మేవే, తల్లికి మా కూడొక్కటీ సయించదేమో అనుకునేదాన్ని.”

నేను పక్కకి తిరిగితే కమలాదేవి గారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆవిడ మంచిదే, కాస్త పెద్దింటి గీర ఉంది గానీ. మొగుడి దగ్గరికి వెళ్ళి అందరూ వినేలా అన్నారు.

“ఇన్నాళ్ళూ నా పళ్ళెమే ఈ ఇంటి ముద్దని మింగేసిందండీ. ముద్దలు తప్పింది ఈ ఏడు కాదు, ఇన్నేళ్ళూనూ. ఈ ఏడే తప్పనేదు.”

నాయుడు ఒప్పుకున్నట్టు తల ఊపాడు. తర్వాత ఎర్రన్న వైపు చూశాడు. ఎర్రన్న డప్పులవాళ్ళ మధ్యనుంచి ముందుకొచ్చి, మా ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

“మా నాన్న కూడా ఈ ఇంట్లో తిననేదు,” అన్నాడు మెల్లగా. “మాను నీదే అన్నయ్యా. పీట తాడు మాత్రం నన్ను కట్టనీ.”

మా ఆయన ఘటం నెత్తిన ఉంచుకునే ఒక చేత్తో వాడి భుజం పట్టుకున్నాడు. నాకు ఆ క్షణంలో ఎర్రన్న మీద కోపమంతా పోయింది. మగాళ్ళు అలాంటి మాట అనడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంటే మాను బండికెక్కింది. మా ఆయన పట్టుపంచె కట్టి, నుదుట బొట్టు పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. ఎర్రన్న మోకాళ్ళ మీద కూర్చుని నడుముకి తాడు చుట్టి ముడి వేశాడు, లాగి చూశాడు, మళ్ళీ వేశాడు. గంగులు మాను మొదలుకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, మూలుగు చేతికి తెలుస్తుందని. నాయుడు చెయ్యెత్తాడు. తాళ్ళు బిగిశాయి.

ఇసక మూటలు అదనంగా ఒక్కటీ వెయ్యలేదు. కొస కదిలింది, మోకాలి ఎత్తు లేచింది, మనిషి ఎత్తు లేచింది. పోయినసారి ఆగిన చోటుకి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే పుస్తెల మీదికి పోయింది. ఆగలేదు. గంగులు నావైపు చూసి నవ్వుతూ తల ఊపాడు. చప్పుడన్నదే లేదు. ఇళ్ళ కప్పులు దాటి, కొబ్బరి మట్టలు దాటి నా మొగుడు నీలాకాశంలోకి పోయి కూర్చున్నాడు, నేను మొదటిసారి చూసినప్పటిలాగే నిటారుగా. జనం ఒక్కసారిగా అరిచారు. మా అత్త అందరికన్నా గట్టిగా అరిచింది. నా కొడుకు, నా కొడుకు అని. దీపిక ఫోన్ ఎత్తి వీడియో తీసి డాక్టరమ్మకి పంపిస్తోంది. నేను మాత్రం ఏమీ చెయ్యలేదు. తలెత్తుకుని నిలబడ్డాను. ఊరంతా నా పక్కనుంచి పోతూ నావైపు చూస్తుంటే, చూడండిరా అనుకున్నాను. బాగా చూడండి.

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. మట్టి ఆరిన గరుకు వేళ్ళు. పైడమ్మ. ఎండకి కళ్ళు చికిలించుకుని పైకే చూస్తోంది, ఆ మొహంలో వెలుగు చూస్తే కడుపు నిండిపోతుంది.

“సూడే నీలవేణీ,” అంది. “నా ముద్ద ఎంత పైకెల్లిపోయిందో సూడు.”